మగ్గమింట్ల బూజోళ్లు

ఈ వానకాలం కల్వకుర్తిల నేను కిరాయికుండే ఇంట్ల బీరువా జరిపితే, వెనుక గోడంత నల్లగ మచ్చలు మచ్చలుగ బూజు. ఇంటామె పక్కనే నిలవడ్డది. "అయ్యో, బూజే గదా టీచరమ్మా, బ్లీచింగు నీళ్లల్ల బట్ట ముంచి తుడిస్తె పోతది" అని నవ్వింది. ఆమె మాట నిజమే. కని ఆ వాసన ముక్కుకు తగలంగనే నేను ఆడ నిలవలేకపోయిన. కొంగు ముక్కుకు అడ్డం వెట్టుకొని వాకిట్లకొచ్చి నిలవడ్డ. బడిల పిల్లలకు సైన్సు చెప్తుంట. రొట్టె ముక్క మీద బూజు పెంచి భూతద్దంల చూపిస్త గూడ. అయినా ఇంట్ల గోడ మీది మచ్చకు వణికిన. ఎందుకో చెప్పాలంటే, భువనగిరి దగ్గర మా మగ్గమింట్లకు పోవాలె.

మాది నేతపని ఇల్లు. ముందల రెండు అర్రలు, వెనుక మగ్గమిల్లు. నేల తవ్వి గుంట చేసి, ఆ గుంటల కాళ్లు వెట్టుకొని బాపు మగ్గం మీద కూసునేటోడు. మండే ఎండకాలం గూడ ఆ అర్ర సల్లగ ఉండేది. పోగు తెగొద్దంటే గాలిల తడి ఉండాలె. తడి ఎక్కువైతే బూజు వడ్తది. మా ఇంటి బతుకంత ఈ రెండింటి నడుమనే నడిచింది. నూలుకు గంజి వెట్టిన దినం ఇల్లంత పుల్లటి వాసన, ఆ వాసనకు నాకు ఇప్పటికీ ఆకలైతది. ముసురు వడితే అమ్మ కుంపట్ల బొగ్గులు రాజేసి మగ్గం గుంటల వెట్టేది. బాపు పొద్దుగాల లేవంగనే, మొకం గూడ కడుక్కోకముందు, మగ్గమింట్లకు పోయి నిలువు పోగుల పడుగు మీదికి ఒంగి వాసన చూసేటోడు. చంటిపిల్ల నెత్తి వాసన చూసినట్టు చూసేటోడు. ఏమీ లేకుంటే "ఊఁ" అనేటోడు. ఆ "ఊఁ" వినవడితే అమ్మ పొయ్యి మీద చాయ వెట్టేది. బాపు తల్లి, మా అవ్వ, రాట్నం ముంగట కూసోని కండెలు చుట్టేది, ఒడిల ఎప్పుడూ తెగిన పోగుల ఉండ. తెగిన పోగును పారెయ్యనిచ్చేది కాదు. దిండ్లల్ల కుక్కేది, దీపానికి వత్తులు చేసేది, ఏమీ తోచకుంటే మా జడలకు కట్టేది.

నా చిన్నప్పుడు ఒక వానకాలం బాపు జ్వరమొచ్చి మంచం వట్టిండు. అమ్మ ఆయన చాకిరిల వడ్డది, మగ్గం దిక్కు ఎవ్వలం చూడలే. బాపు లేచి చూసేసరికి పడుగు మీద బూడిద రంగు నూగు. రంగు అంటొద్దన్న కాడ చిటికి ముడులు కట్టి, రంగులద్ది, ఇంటిల్లిపాది చేతులు వెట్టి నెలల తరబడి చేసిన పడుగది.  బాపు కత్తెర తీస్కొని పోగులన్ని కోసిండు, వాకిట్లకు తెచ్చి అంటువెట్టిండు. తడి నూలు మండది, పొగ వెడ్తది. ఆ పొగల కూసోని పొద్దుగూకేదాక లేవలే. దగ్గరికి పోయేటందుకు అమ్మ గూడ జంకింది. బూజంటే మా ఇంట్ల పగోని పేరు లెక్క అయిందప్పటిసంది.

రాష్ట్రం వచ్చిన కొత్తల మా మేనమామ తన పాత కంప్యూటర్ మాకిచ్చిండు, పిల్లలు చదువుకుంటరని. నేను డిగ్రీల ఉన్న, తమ్ముడు మహేశ్ ఇంటర్ల ఉన్నడు. ముందటి అర్రలల్ల వేడికి అది ఆగిపోతుందని మగ్గమింట్లనే మూలకు వెట్టినం. మహేశ్ దాంట్ల చదువుకున్నది తక్కువ. కాలేజిల దోస్తు దగ్గర ఒక ఆట ఎక్కించుకొచ్చిండు. దాని అసలు పేరు ఇంగ్లీషుల ఏదో పొడుగ్గ ఉండె, మేమైతే బూజోళ్ల ఆట అనేటోళ్లం. లోకమంత బూజు వట్టిపోయింది. గాలిల వచ్చే బూజు మనుషుల ముక్కులల్లకెల్లి లోపలికి వోయి మెదడు దాక పాకుతది. మనిషి సచ్చిపోతడు, కని పండుకోడు. మల్ల లేస్తడు. మొకం మీద తెల్లటి నూగు, ఒక కంటి గుంతలకెల్లి పుట్టకొక్కుల గుత్తి, నోరు తెరిస్తే నల్లటి పొడి. ఆ బూజోళ్లకు చూపు లేదు. మనం విడిచే ఊపిరి పసిగట్టి మన దిక్కొస్తరు. ఆడేటోడు ఒక నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. పాడువడ్డ పట్నం నడుమకెల్లి బండి తోలుకపోయి అవుతల బతికున్న మనుషులకు నీళ్లు చేర్చాలె. బూజోడు దగ్గరికొస్తే ఒక బటన్ అదిమి వట్టాలె, అప్పుడు డ్రైవర్ ఊపిరి బిగవడ్తడు. తెర అంచులు మెల్లెగ నల్లబడుతయి. ఎక్కువసేపు బిగవడితే సొమ్మసిల్లి పడ్తడు, విడిస్తే బూజోడు మీదికొస్తడు.

ఒక ఐతారం నాటి పగలు నాకింకా కండ్లల్లనే ఉన్నది. మహేశ్ ఆడుతుండు, నేను పక్కన పీట మీద కూసున్న. అవ్వ వెనుక రాట్నం తిప్పుతాంది, బాపు మగ్గం మీద ఉన్నడు. ఆటల డ్రైవర్ ఒక బస్టాండ్ల చిక్కుకున్నడు. బూజోడు ఏ మూలకెల్లి కాళ్లీడ్చుకుంట వస్తుండో వినాలె, మగ్గం చప్పుట్ల ఏమీ వినొస్తలేదు.

"బాపు, జర ఒక్క నిమిషం ఆపరాదే" అన్నడు మహేశ్.

"నా మగ్గం ఆగితె నీ బువ్వ ఆగుతది బిడ్డా" అన్నడు బాపు, చెయ్యి ఆపకుంట.

బూజోడు బెంచీల వెనుకకెల్లి వచ్చిండు. ఖాకీ అంగీ, భుజానికి తోలు సంచి వేలాడుతాంది. మహేశ్ బటన్ వట్టుకున్నడు. తెర నల్లగైతాంది. నేను గూడ ఊపిరి బిగవట్టిన సంగతి నాకే ఎరుకలేదు. అవ్వ రాట్నం ఆగింది. బూజోడు వచ్చి డ్రైవర్ మొకం ముంగట మొకం వెట్టి తల అటు ఇటు తిప్పిండు. కంటి గుంతల పుట్టకొక్కులు కదిలినయ్.  ఆఖరికి వాడు మళ్లి పోయిండు, మహేశ్ బటన్ విడిచి, వెనుకకెల్లి పోయి వాన్ని ఇనుప రాడ్తోని కొట్టనీకి చెయ్యి లేపిండు.

"ఆగురా" అన్నది అవ్వ. "వాడు ముందుగాల ఎవడు?"

"ఎవడంటే? బూజోడు అవ్వా."

"పుట్టంగనే బూజోడా? వానికి అవ్వ అయ్య లేరా? ఏం పని చేసెటోడు?"

"ఏమో, ఆట చేసినోళ్లు చెప్పలే."

"తెలువకుంట ఎట్ల సంపుతవురా మరి?"

మేమిద్దరం పడి పడి నవ్వినం. బాపు నవ్వలే. తిరిగి చూడకుంటనే అన్నడు, "నేను సగం బతుకు ఆ బూజుతోని కొట్లాడితే, వీడు దాన్ని ఇంట్లకు తెచ్చి కూసోవెట్టిండు. తియ్యుండ్రి అవుతల." ఆ కంప్యూటర్ ముంగటికెల్లి నడవాల్సొస్తే బాపు మొకం పక్కకు తిప్పుకొని నడిచేటోడు. ఆట బందు చేసి ఉన్నా అంతే.

మహేశ్‌కు ఆ భయం ఒక పిచ్చి లెక్క వట్టింది. నోటుపుస్తకాల వెనుక బూజు మొకాలు గీసేటోడు. డిగ్రీ కాంగనే హైదరాబాదుల బొమ్మలు కదిలించే చదువేదో చదివిండు, బయటిదేశం ఆటలకు పనిచేసే ఒక కంపెనీల కొలువు దొరికింది. వాని పనేందంటే, బూజు వట్టిన మొకాలు చేసుడు. వాడు చిన్నప్పటిసంది ఆడింది ఏదో, అదే వాని కొలువైంది. ఇంటికొచ్చినప్పుడల్ల నిమ్మకాయలు, రొట్టెలు డబ్బాల్ల మూతవెట్టి బూజు పెంచి ఫోటోలు తీసుకునేటోడు. అమ్మ మొత్తుకునేది. బాపు ఒక్కసారే అన్నడు, అన్నం ముంగట కూసోని: "మా చేతులు బూజు దులిపినయ్. నీ చేతులు పెంచుతున్నయ్. మంచి కొలువే." మహేశ్ అన్నం కలుపుకున్నడు. ఆనాటిసంది బాపు ముంగట తన పని మాట ఎత్తలే. నాకు మాత్రం చూపించేటోడు. "ఈయన కండక్టర్ అక్కా. ఈమె పూలమ్మేది. ఈ పోరి పరీక్ష రాసొస్తాంది" అని ఒక్కొక్క బూజోనికి ఒక బతుకు చెప్పేటోడు. కంపెనీల ఎవ్వలూ అడగరంట, వానికే అట్ల అలవాటైందంట. అప్పటికే అవ్వ లేదు. ఉంటే మురిసేది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు అందరం ఒక్కదగ్గరనే ఉన్నం. నేను పనిచేసే ప్రైవేటు బడి మూతవడ్డది, మహేశ్ కంపెనీ కంప్యూటర్ తెచ్చుకొని మగ్గమింట్లనే పని చేస్తుండె. అమ్మకు, నాకు జ్వరమొచ్చి పోయింది. బాపుకు మాత్రం ఊపిరందలే. భువనగిరి దవాఖానల ఆక్సిజన్ వెట్టి, గట్టి మందులిచ్చి బతికించిండ్రు. ముందునుంచి ఉన్న షుగరు ఆ మందులకు బాగ పెరిగింది. అయినా నడుసుకుంట ఇంటికొచ్చిండు. గండం గడిచిందని అమ్మ కొబ్బరికాయ కొట్టింది. కోడిగుడ్డు, జొన్న గట్క, ఏది వెడ్తే అది తిన్నడు. మగ్గం మీద కూసునే బలం లేదు, కని పొద్దుగాల పోయి పడుగు మీదికి ఒంగుడు మాత్రం ఆపలే.

రోహిణి కార్తె. రాళ్లు పగిలే ఎండ. అసొంటి పొద్దున మగ్గమింట్లకెల్లి బాపు పిలిచిండు. "పద్మా, నూలు చూసినవా? బూజు వాసనొస్తాంది."

"ఈ ఎండల బూజేంది బాపు?"

"నాకెరుక లేదా? చూడు పో."

అమ్మ, నేను మూటలన్ని ఇప్పినం. కండెలు, పెట్టెలు, మగ్గం గుంట, దూలాల సందులు, అన్నీ చూసినం. నూలు ఎండి గలగలమంటాంది. ఏడ కూడ మచ్చ లేదు. "ఏం లేదయ్యా" అన్నది అమ్మ. "ఉన్నది. ఇంట్లనే ఉన్నది" అన్నడు బాపు, చిరాకుగ. అమ్మ ఆయన మాట కాదనలేక అర్రంత కడిగింది, సాంబ్రాణి పొగ వేసింది. తెల్లారి మల్ల అదే మాట. ఈసారి ఆయనే పడుగు దగ్గరికెల్లి దూరం జరిగిండు, గడప దాటిండు, వాకిట్ల ఎండల నిలవడ్డడు. గాలి పీల్చి చూసిండు. ఆయన మొకంల చిరాకు పోయి ఇంకేదో వచ్చింది.

"వాకిట్ల గూడ వస్తాంది బిడ్డా" అన్నడు మెల్లెగ.

నాకు ఒక్కసారిగ అర్థమైంది. అమ్మకు కాలే. ఆయన ఎడమ చెంప మీద వేళ్లు వెట్టుకొని, "ఈడ మొద్దువారింది. గిచ్చినా తెలుస్తలేదు" అన్నడు. మగ్గమింట్ల పనిల ఉన్న మహేశ్ ఆ మాట విని లేచొచ్చిండు. బాపు గదుమ వట్టి మొకం వెలుగు దిక్కు తిప్పిండు. వాడు ఆ మొకాన్ని చూసే తీరు నేను ఎన్నడూ చూడలే, మనిషిని చూసినట్టు లేదు. ఎడమ కంటి కింద కొంచెం ఉబ్బింది.

"బాపు, జర ముక్కు చీదు."

తెల్లటి తువాల మీద నల్లగ వడ్డది.

మహేశ్ తువాల మడిచి అమ్మకు కనవడకుంట వెనుకకు వెట్టుకున్నడు. "బండి మాట్లాడుతున్న. తయారుగాండ్రి" అన్నడు. వాని గొంతు అందరికంటె నెమ్మదిగ ఉన్నది. ఆ దినాలల్ల పేపర్ల, టీవీల బ్లాక్ ఫంగస్ అనే నల్లబూజు మాటే. విన్నోళ్లమే, కని అది ఎవలికో వచ్చేదనుకున్నం.

హైదరాబాదు పెద్ద సర్కారు దవాఖానల ఆ రోగానికని ఒక వార్డు చేసిండ్రు. మంచం మంచానికి ఒక సగం మొకం. కొందరికి ఒక కంటి మీద కట్టు, కొందరికి చెంప లోపలికి వోయింది, కొందరికి మాట ముక్కులకెల్లి వస్తాంది. అందరూ ఎవలో ఒకల అమ్మలు, నాయినలు. ఇంటోళ్లు పక్కన కూసోని వాళ్లకు అన్నం పిసికి వెట్టేటోళ్లు, ఫోన్లల్ల ఇంటి ముచ్చట్లు వినిపించేటోళ్లు. నేను బాపు మంచం దగ్గరికి పోయిన. వెనుకనే వస్తుండనుకున్న మహేశ్ రాలే. తలుపు దగ్గర నిలవడి లోపలికి చూసి, పక్కకు ఉరికి వాంతి చేసుకున్నడు. తర్వాత మెట్ల మీద కూసున్నడు. మందులు తెచ్చుడు, పరీక్షల కాయితాలకు తిరుగుడు అంత వాడే చేసిండు, కని ఆ తలుపు దాటలే.

డాక్టరమ్మ నా ఈడుదే ఉంటది. కండ్ల కింద నల్లగైనా ఓపికగ చెప్పింది. ముక్కుల, చెంప ఎముకల పాడైందంత తీసెయ్యాలె, ఎడమ కన్ను గూడ తీసెయ్యాలె అన్నది. బాపు ఆమె దిక్కు చూసి, చేతులు జోడించిండు.

"కన్ను తీస్తే మగ్గం మీద ఎట్ల కూసోవాలె అమ్మా? మా నేతల రంగు రంగుకు అతకాలె. వెంట్రుకంత జరిగినా పువ్వు పువ్వులెక్క ఉండది. ఒంటికన్నుతోని అయితదా?"

"బతికుంటే అవన్ని చూస్కోవచ్చు పెద్దయ్యా."

"అట్ల బతికి చేసేదేంది?" అని గోడ దిక్కు తిరిగిండు. నేను బతిలాడిన. ఫోన్ల అమ్మ ఏడ్చింది. బాపు ముద్ద ముట్టలే. తెల్లారేసరికి ఎడమ రెప్ప వాలిపోయింది, ఎత్తి చూస్తే గుడ్డు కదుల్తలేదు. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, "ఇయ్యాల చెయ్యకపోతే, రేపు చేసినా లాభముండకపోవచ్చు" అన్నది. నేను ఉరుకుకుంట మెట్ల దగ్గరికి పోయిన.

"లోపలికి రారా. నా మాట వింటలేడు."

"చాతకాదక్కా" అన్నడు మహేశ్, తల ఎత్తకుంట. "లోపల ఉన్నయన్ని నేను చేసిన మొకాలే. అచ్చం గట్లనే. మంచిగ చేసినవని కంపెనీల సప్పట్లు కొట్టిండ్రు."

నాకు కోపమొచ్చింది, జాలొచ్చింది, రెండూ ఒక్కసారే. "నువ్వు చేసింది బొమ్మ. లోపల ఉన్నది బాపు. అంతే తేడా. లే" అని రెక్క వట్టి గుంజిన. లేచిండు.

వాడు మంచాల నడుమ నేల చూసుకుంట నడిచొచ్చి బాపు పక్కన కూసున్నడు.  జేబులకెల్లి ఫోను తీసిండు. వాడు ఏం చూపియ్యబోతుండో నాకు సమజ్ కాలే. సమజైనంక ఆపుదామనుకున్న, అప్పటికే వాడు ఫోను బాపు దిక్కు తిప్పిండు. తెర మీద ఒక మనిషి తలకాయ. తోలు తీస్తే లోపల ఎముకలు, నరాలు, అన్నీ కనవడేటట్టు చేసిండ్రు. ఆట మొదట్ల బూజు ఎట్ల పాకుతదో చూపెట్టేటందుకు వాడే చేసిన బొమ్మ అది.

"బాపు, ఒకసారి ఇటు చూడు."

బాపు బాగున్న కన్నుతోని చూసిండు. ఇన్నేండ్లల్ల కొడుకు పనిని చూసుడు అదే మొదలు. "ఎవలు ఇది?"

"కండక్టర్. ఇగో, బూజు గిట్ల ముక్కులకెల్లి లోపలికి పోతది. ఈ చెంప బొక్కల జాగా చేసుకుంటది. దీనికి, కంటికి నడుమ ఉన్నది పలుచటి ఎముక, కాయితం లెక్క. అది దాటితే కన్ను. నీది ఈడున్నది బాపు." వాని వేలు ఆగింది. "దీని వెనుకనే మెదడు."

"మల్ల తిప్పు" అన్నడు బాపు.

మహేశ్ తెర మీద వేలు జరిపిండు. తలకాయ మెల్లెగ తిరిగింది. తెల్లటి దారాలు ఎముకల నడుమ అల్లుకుంట పోతున్నయి. బాపు దాన్ని పడుగును చూసినట్టు, మొదటికెల్లి ఆఖరు దాక చూసిండు.

"ఇదంత నువ్వే చేసినవా?"

"నేనే."

"పోగు పోగు కనవడుతాంది" అన్నడు బాపు. మా ఇంట్ల అంతకంటె పెద్ద మెచ్చుకోలు లేదు.  బాపు మల్ల అడిగిండు, "వీనికి కన్ను తీస్తే బతికెటోడా?"

"వీనికి తీసేటోళ్లు లేరు బాపు. ఆటల దవాఖాన లేదు. డాక్టరమ్మ లేదు. నేనే పెట్టలే. నీకు అందరున్నరు."

పక్క మంచం మీది ముసలామె మా దిక్కే చూస్తాంది. బాపు చెయ్యి తన ఎడమ కంటి దాక పోయి, ముట్టకుంట దిగింది. "ఆ అమ్మను పిలువు. సంతకం చేస్త" అన్నడు.

బాపును ఆపరేషనుకు లోపలికి తీస్కపోయినంక బయట వరండాల మేమిద్దరం ఒకరి పక్కన ఒకరం కూసున్నం. ఎండ గోడ మీదికెల్లి నేల మీదికి దిగింది, నేల మీదికెల్లి పోయింది. తలుపు తెరుసుకున్నప్పుడల్ల లేచి నిలవడుడు, మనోళ్ల గురించి కాదని తెలిసి కూసునుడు. ఒకసారి ఎవలికోసమో తలుపు తీసిండ్రు, ఆ ఇంటోళ్లు అక్కడ్నే కూలవడ్డరు. మహేశ్ నా చెయ్యి వట్టుకున్నడు, పదో తరగతి తర్వాత వాడు నా చెయ్యి వట్టుకుంది అప్పుడే. ఆఖరికి డాక్టరమ్మ వచ్చి మూతికున్న మాస్కు కొంచెం దించింది. "మెదడు దాక పోలేదు" అన్నది. ఇంకేమేమో చెప్పింది, మాకు ఆ ఒక్క మాటే వినవడ్డది.

తర్వాత సూదుల దినాలు. దొరకని మందు కోసం మహేశ్ దోస్తులు ఊరంత ఫోన్లు చేసేటోళ్లు. ఒకనాడు దొరికేది, ఒకనాడు పక్క మంచమోళ్లు వాళ్లకు మిగిలింది ఇచ్చేటోళ్లు. ఆ మందు ఎక్కుతున్నంతసేపు బాపుకు చలి, మంచం చప్పుడయ్యేటంత వణుకు. మహేశ్ ఆయన మీద ఒంగి రెండు చేతులతోని అదిమి వట్టుకునేటోడు. కట్టు మార్చేటప్పుడు నేను కండ్లు మూసుకున్న, వాడు మూసుకోలే. తలుపు దాటలేనోడే కన్ను తీసిన ఆ గుంతను తుడిచిండు. ఇది నేను వాని పెండ్లిల గూడ నలుగురికి చెప్పిన.

ఇంటికొచ్చిన దినం అమ్మ అద్దం మీద చీర కప్పింది. బాపు దాన్ని తీసి, చూసుకొని, మల్ల తనే కప్పి, "నాలుగు దినాలు ఉండనియ్యి" అన్నడు. వీధిల ఒక పోరడు ఆయన్ను చూసి కెవ్వుమని ఉరికిండు. గ్లాసుల నీళ్లు పోసుకుంటే నీళ్లు పక్కకు వోయేటియి, ఒక్క కంటికి దూరం అందది గదా. మగ్గం మీద కూసోని అడ్డం పోగు తీస్కపోయే నాడె విసిరితే పోగులు తెంపుకునేటోడు. మొదట సాదా తువాలలు నేసిండు. నేసుకుంట, తప్పుకుంట, మల్ల నేసుకుంట ఏడాది దాటినంక పువ్వుల చీరకు దిగిండు. అంచు కాడ పువ్వు కొంచెం వంకర. అమ్మ దాన్ని అమ్మనియ్యలే, తనే కట్టుకున్నది.

మహేశ్ కంపెనీకి మల్ల పోయిండు, కని మొకాలు చెయ్యనని చెప్పిండు. ఇప్పుడు పాడువడ్డ పట్నాల గోడలు, చెట్లు, బస్టాండ్లు చేస్తడు. బూజోళ్లు తిరిగే జాగలు వానివి, బూజోళ్లు వేరేటోళ్లు చేస్తరు. మా మగ్గమింటికి ఇప్పుడు స్లాబు వడ్డది, కుంపటి వెట్టే పని లేదు, గాలి తడిని చూపే చిన్న డబ్బా గోడకున్నది. ఆనాడు మేం తెర ముంగట ఊపిరి బిగవట్టి కూసున్నప్పుడు, భయం తెర అవుతల ఉన్నది, వెనుక బాపు మగ్గం ఆడుతుండె. ఆ చప్పుడు ఉన్నది గాబట్టే భయపడుడు సుఖంగ ఉండెనని ఇప్పుడు ఎరుకైతాంది. ఈనాటి పిల్లలు అంతకంటె భయంకరమైనయి ఫోన్లల్ల చూస్తరు, నవ్వుతరు. నవ్వనీ. వాళ్ల వెనుక ఎవలో ఒకలు ఏదో పని చేసుకుంట కూసోని ఉంటె చాలనిపిస్తది నాకు.

కండ్లద్దాలకు అతికించే కన్ను చేయించనీకి హైదరాబాదు పోయినప్పుడు ముగ్గురం పోయినం. రెప్ప, వెంట్రుకలు, గుడ్డు, అన్నీ కలిపి చేస్తరు. చేసే ఆయన చిన్న కుంచెతోని నల్లగుడ్డు అద్దుతుంటే మహేశ్ పక్కన కూసోని, బాపు కుడి కంట్లకు తేరిపార చూసి, "వట్టి నలుపు గాదు సార్, అంచుకు జర తేనెరంగు ఉన్నది" అన్నడు. ఆయన కలిపిండు. తర్వాత చిన్న పట్టకారుతోని సన్నటి ఎర్ర దారపు పోగులు తీసి తెల్లగుడ్డు మీద ఒక్కొక్కటి పరుస్తుండు. కంట్ల నరాలు అట్లనే చేస్తరంట. బాపు ముందటికి ఒంగిండు.

"నూలా, పట్టా సారూ?"

"పట్టు."

"ఇంకో నాలుగు వెయ్యి. మగ్గం నేసినోని కన్ను అంత తెల్లగ ఉండది."

చేసే ఆయన నవ్వి ఇంకిన్ని వేసిండు. 

ఆ కన్ను ఇప్పుడు పెండ్లిళ్లకు, పట్నం పోయినప్పుడు. మగ్గం మీద కూసున్నప్పుడు అడ్డమని తీసి పక్కన వెడ్తడు. మొన్న నేను పోయినప్పుడు చుట్టాలొస్తున్నరని ఫోనొచ్చింది. వంటింట్లకెల్లి అమ్మ కేకేసింది, "ఏందయ్యా, కన్ను వెట్టుకో, వాళ్లు వీధిలకొచ్చిండ్రంట!"

"నన్ను చూడనీకి వస్తున్నరా, కన్నును చూడనీకా?" అన్నడు బాపు మగ్గమింట్లకెల్లి. "వాళ్లను ఈడికే రమ్మను. పువ్వు నడుమల ఉన్న, లేస్తే అతకది."

చుట్టాలు వచ్చి మగ్గం చుట్టూత నిలవడ్డరు. ఆయన తల ఎత్తి, మొకం దాచుకోకుంట ఒకసారి అందరినీ పలుకరించి, మల్ల నాడె విసిరిండు.